అచ్చమాంబ పేరు అచ్చుకెక్కిన కథ

ఊళ్ళల్లో అచ్చమ్మ అని పిలుచుకునే పేరుకు పుస్తకాల్లో రాసుకునే రూపం అచ్చమాంబ. వెంకమ్మ వెంకమాంబ అయినట్టే ఇదీను. ఇప్పుడు మనవరాలికి ఈ పేరు పెడతామంటే నాయనమ్మలే వద్దంటారు. నేను మన బడిలో చదువుకున్న పదేళ్ళలో గానీ, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా వేరే బడుల్లో హాజరు పిలిచినప్పుడు గానీ ఈ పేరు ఒక్కసారి కూడా నా నోట రాలేదు. అయినా తెలుగు కథ గురించి పాఠం మొదలుపెట్టిన ప్రతి సంవత్సరం నేను మొదట చెప్పిన పేరు ఇదే.

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాయమని మన సంఘం మిత్రులు అడిగారు. జ్ఞాపకాలు రాసేవారు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను మాత్రం బడికి పంపేవారు లేక, ఇంట్లోనే చదువుకున్న ఒకామె జీవితం రాస్తున్నాను. మన బడి సంచికలో ఆమెకేం పని అని మీకు అనిపించవచ్చు. చివరిదాకా చదివితే ఆ సంగతి చెప్తాను.

భండారు అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టింటివారు కొమర్రాజువారు. ఆమెకు ఆరేళ్ళప్పుడు తండ్రి వెంకటప్పయ్యగారు పోయారు. అప్పటికి తమ్ముడు లక్ష్మణరావుకు మూడేళ్ళు. పదేళ్ళు నిండేసరికి అచ్చమాంబకు భండారు మాధవరావుగారితో పెళ్ళి అయింది. ఆయన మధ్య పరగణాలలో ఇంజనీరు ఉద్యోగం చేసేవారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు చదువు ఎందుకన్నది పెద్ద తగవు. చదివితే మొగుడు చస్తాడని నమ్మేవారు కొందరు, చదివితే చెడిపోతుందని వాదించేవారు ఇంకొందరు. కాబట్టి పలక కొనివ్వడం అటుంచి, ఆ మాట ఎత్తేవారే ఆమె చిన్నతనంలో లేరు.

ఆమె చదువు తమ్ముడి చదువు పక్కన సాగింది. లక్ష్మణరావు చిన్న చదువు భువనగిరిలో. మన ఉప్పల్ మీదుగా వరంగల్ దారి పట్టి పోతే గుట్ట మీద కోట కనిపించే ఊరే అది. పై చదువుకు ఆయన అక్కాబావల దగ్గర ఉండి నాగపూరులో చదివారు. తమ్ముడు పుస్తకం తెరిచినప్పుడు అక్క పక్కన కూర్చునేది. ముందు తెలుగు, హిందీ. తర్వాత ఇంటి చుట్టూ వినిపించే మరాఠీ. ఆ పైన గుజరాతీ, బెంగాలీ, కొంత సంస్కృతం. ఇల్లు చక్కబెట్టుకుంటూ, వచ్చిపోయేవారికి వండి పెడుతూ ఇన్ని భాషలు నేర్చుకున్నారంటే మన పిల్లలు నమ్మరు. పరీక్షలు లేవు, మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. చదవాలన్న పట్టుదల ఒక్కటే ఉంది.

ఆ తమ్ముడే తర్వాత కొమర్రాజు లక్ష్మణరావుగా తెలుగు దేశమంతటికీ తెలిసినవారు. మునగాల సంస్థానం దివానుగా పనిచేశారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఆయన ఒకరు. తార్నాకలో కోఠి బస్సెక్కి దిగితే సుల్తాన్ బజారులో ఆ గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. మనలో పోటీ పరీక్షలకు అక్కడ కూర్చుని చదివినవారు కూడా ఉండే ఉంటారు. 1906లో ఆయనే మిత్రులతో కలిసి ఇక్కడే విజ్ఞానచంద్రికా మండలిని పెట్టారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, జీవిత చరిత్రలు తెలుగులో చవకగా అందించడం ఆ మండలి పని. ఆయన పేరు పాఠాల్లో ఉంది. అక్క చేసిన పనికి ఆ చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది.

అచ్చమాంబకు ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. కడుపుకోత ఎలాంటిదో నేను రాసి చెప్పేది కాదు. ఆ దుఃఖం నుంచి ఆమె రెండు పనులు చేశారు. దిక్కులేని పిల్లలను కొందరిని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి చదువు చెప్పారు. రెండోది రాయడం. దేశంలో పేరు తెచ్చుకున్న స్త్రీల జీవితాలను వెతికి వెతికి రాయడానికి పూనుకున్నారు.

ఆ పుస్తకం పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. మొదటి భాగం 1901లో వచ్చింది. మూడు భాగాలు రాయాలని ఆమె సంకల్పం. మొదటి దానిలో గడిచిన వెయ్యేళ్ళలోని మన దేశపు స్త్రీలు, రెండోదానిలో వేదకాలపు, పురాణకాలపు స్త్రీలు, మూడోదానిలో పరదేశపు స్త్రీలు. ఎందుకు రాస్తున్నారో కూడా ఆమె దాచుకోలేదు. స్త్రీలు పుట్టుకతోనే బలహీనులనీ, తెలివితక్కువవారనీ అనేవారికి అది నిజం కాదని చూపించడం ఒకటి. చదువు వల్ల స్త్రీలు చెడిపోరని, చదువు అందరికీ మేలే చేస్తుందని చూపించడం ఇంకొకటి. వాదన పెట్టుకోకుండా జీవితాలు చూపించి నెగ్గడం ఆమె పద్ధతి. ఒక పేరు, ఆమె చేసిన పని, ఆ తర్వాత మరో పేరు. చదివినవారు తామే ఒప్పుకోవాలి.

ఆ పుస్తకంలో ఖనా అనే ఆమె కథ ఒకటి ఉంది. బెంగాల్‌లో ఈ కథ ఇంటింటా చెప్పుకుంటారు. ఖనా జ్యోతిషంలో దిట్ట. మామగారు వరాహమిహిరుడికి అందని లెక్క ఆమెకు అందింది. ఆమె తెలివి రాజు దాకా పోయింది. ఇంటి పరువు పోతుందని ఆమె నాలుక కోశారని ఆ కథ చెబుతుంది. ఇది చరిత్రో జనం కల్పించుకున్నదో పక్కన పెట్టండి. తెలివిగల కోడలికి పట్టిన గతి ఏమిటో నూరేళ్ళ కిందటి తెలుగు ఆడవాళ్ళకు తెలుగులో చెప్పాలని అచ్చమాంబకు తోచింది. అది ముఖ్యం.

ఇక కథల సంగతి. అప్పట్లో ఆడవాళ్ళ కోసం తెలుగులో కొద్ది పత్రికలు నడిచేవి. తెలుగు జనానా వాటిలో పాతది, 1893లో మొదలైంది. 1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్యగారు హిందూ సుందరి మొదలుపెట్టారు. ఇవి నెలకోసారి వచ్చే చిన్న పత్రికలు. పోస్టులో ఇంటికి వచ్చేవి. చదువొచ్చిన ఆమె చదువుతుంటే చదువురానివారు చుట్టూ కూర్చుని వినడం ఆ కాలపు ఇళ్ళలో మామూలే. పతివ్రతల కథలు, ఇంటి వైద్యం, వంట, నీతులు, పాటలు వీటిలో ఉండేవి. రాసేవారిలో ఆడవాళ్ళూ ఉండేవారు. నాగపూరు వైపు ఎక్కడో ఉన్న ఒక ఇంజనీరుగారి భార్య రాసిన కాగితం పోస్టులో ఏలూరు చేరి, అచ్చయి, తెలుగు ఇళ్ళలో చదవబడడం ఎంత పెద్ద సంగతో ఊహించండి. గడప దాటని ఆడవాళ్ళు పత్రికలో కలుసుకున్నారు.

ఆ పత్రికలకు అచ్చమాంబ పదికి పైగా కథలు రాశారు. 1902లో హిందూ సుందరిలో స్త్రీవిద్య అనే కథ వచ్చింది. అది మొత్తం మొగుడూ పెళ్ళాల మాటలతోనే నడుస్తుంది. దూరంగా ఉండవలసిన కాలం వచ్చింది కాబట్టి చదువు నేర్చుకొమ్మని భర్త అంటాడు. భార్య ఒప్పుకోదు. ఆడది చదవకూడదని లోకం చెప్పే కారణాలన్నీ ఆమె నోటితోనే చెప్పిస్తారు రచయిత్రి. భర్త ఒక్కొక్కదానికీ జవాబు చెప్తాడు. పాఠం చెప్పే టీచరుగా నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. పిల్ల మనసులో ఉన్న అనుమానాన్ని అణిచివేయకుండా ముందు బయటికి రప్పించాలి. అప్పుడే దానికి జవాబు చెప్పగలం.

అదే ఏడు నవంబరు సంచికలో ధనత్రయోదశి వచ్చింది. దీపావళి ముందు రోజులు. ఊరంతా పండుగ సంబరం, ఆ ఇంట్లో మాత్రం చేతిలో పైసా లేదు. భర్త ఒక షావుకారు దగ్గర కొలువు చేసే చిన్న గుమాస్తా. పండుగ పూట భార్యాబిడ్డల ముఖం చూడలేక షావుకారు డబ్బు తీసి ఇంటికి తెస్తాడు. భార్య విజయలక్ష్మి ఆ డబ్బు ముట్టదు. నయాన నచ్చజెప్పి తిరిగి ఇచ్చేలా చేస్తుంది. చివరికి మంచే జరుగుతుంది. ఈ కాలపు పాఠకుడికి ఇది నీతికథలా అనిపించవచ్చు. కానీ చూడండి, ఇందులో రాజులు లేరు, దేవతలు లేరు, శాపాలు లేవు. జీతం చాలని ఇల్లు, పండుగ ఖర్చు, తప్పు చేయబోయిన ఒక మంచివాడు, అతనికంటే గట్టిగా నిలబడ్డ ఇల్లాలు. తార్నాక, లాలాపేట, మాణికేశ్వర్ నగర్‌లలో పెరిగిన మనకు నెలాఖరు ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది 1910 ఫిబ్రవరిలో. అంటే ధనత్రయోదశికి ఏడేళ్ళ తర్వాత. మనం చదివిన పాఠ్యపుస్తకాలు తెలుగులో తొలి కథ దిద్దుబాటే అని చెప్పాయి. గురజాడవారి కథ గొప్పది, దాని నడక, వాడుక భాష అన్నీ కొత్తవి, అందులో రెండో మాట లేదు. ఏది తొలి కథ అన్న చర్చ పండితులు చేస్తూనే ఉన్నారు, చేయనివ్వండి. నేను తరగతిలో చెప్పింది ఇంతే: 1902 నవంబరులో ఒకామె కథ రాసింది, పత్రికలో అచ్చయింది, ఆ పత్రిక ఉంది, ఆ పేరు ఉంది. లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఈ పేరు వదిలేసి మొదలుపెట్టకూడదు.

ఆమె రాసి ఊరుకోలేదు. 1902లోనే బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. తెలుగు నాట స్త్రీలు తమంత తాముగా పెట్టుకున్న తొలి సంఘాలలో అది ఒకటి. ఆ మరుసటి ఏడు ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలు చెప్పారు. ఆమె వెళ్ళిన చోట ఆడవాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు. రైలు పెట్టెలో, ఎడ్ల బండిలో ప్రయాణం. ఎదురుగా ఎప్పుడూ సభలో కూర్చోని ఆడవాళ్ళు. వారి ముందు నిలబడి ఇంకో ఆడమనిషి మాట్లాడటమే అప్పటికి కొత్త.

1905 జనవరి 18న అచ్చమాంబ కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు ముప్పై. అనుకున్న మూడు భాగాలు పూర్తి కాలేదు. కన్న పిల్లలు లేరు.

కానీ పేరు ఆగిపోలేదు. మరుసటి ఏడు, 1906లో, తమ్ముడు లక్ష్మణరావుగారికి కూతురు పుట్టింది. ఆ పిల్లకు మేనత్త పేరే పెట్టారు. చనిపోయిన పెద్దల పేరు పిల్లలకు పెట్టుకోవడం మన ఇళ్ళలో ఆచారమే. కాకపోతే ఈ పేరుతో పాటు ఒక అప్పు కూడా వచ్చినట్టు నాకు అనిపిస్తుంది. మేనత్తకు దొరకని బడి మేనకోడలికి దొరికింది. ఆమె మద్రాసులో వైద్యం చదివి డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ అయ్యారు. విజయవాడలో ఆస్పత్రి పెట్టి ఎందరు తల్లులకో కాన్పులు చేశారు. కాన్పు గురించి, పసిపిల్లల పెంపకం గురించి తెలుగులో పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1964లో పోయారు.

అక్షరం దొంగచాటుగా నేర్చుకున్నంత పని అయింది మొదటి అచ్చమాంబకు. రెండో అచ్చమాంబ పార్లమెంటులో కూర్చుంది. పెద్దామె పోయిన నాటికీ చిన్నామె ఎంపీ అయిన నాటికీ మధ్య యాభై రెండేళ్ళు. మన సంఘం స్వర్ణోత్సవం జరుపుకుంటున్న కాలం కూడా దాదాపు అంతే. ఆడపిల్ల చదువు ఎంత దూరం పోగలదో కొలవడానికి నాకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకలేదు.

పెద్ద అచ్చమాంబ కథలు మాత్రం పాత పత్రికల్లోనే చాలా కాలం పడి ఉన్నాయి. పత్రికకు పుస్తకమంత ఆయుష్షు ఉండదు. ఆ నెల చదివి అవతల పెడతారు, ఆ తర్వాత ఏ పొట్లానికో పోతుంది. పుస్తకంగా రాని కథ లేనట్టే లెక్క. ఆమె పేరు మళ్ళీ బయటికి రావడంలో మన ఇరుగుపొరుగువారికి భాగం ఉంది. మన కాలంలో సీఫెల్ అని పిలిచిన విశ్వవిద్యాలయం తార్నాక పక్కనే కదా. అక్కడ ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్ సూసీ తారు, కె. లలితగారు కలిసి భారతీయ స్త్రీల రచనలను పోగుచేసి 1991లో ఉమెన్ రైటింగ్ ఇన్ ఇండియా అనే పెద్ద గ్రంథం తెచ్చారు. అందులో అచ్చమాంబ రాసిన ఖనా కథ ఇంగ్లీషులో ఉంది. నాలుక కోయించుకున్న ఖనా అలా న్యూయార్కులో అచ్చయింది. తర్వాత సంగిశెట్టి శ్రీనివాస్‌గారు పాత సంచికలు వెతికి అచ్చమాంబ కథలన్నీ ఒక పుస్తకంగా తెచ్చారు. కొండవీటి సత్యవతిగారు ఆమె జీవిత చరిత్ర రాశారు. ఒకప్పుడు ఆమె ఇతర స్త్రీల కోసం చేసిన పనిని నూరేళ్ళ తర్వాత వీరు ఆమె కోసం చేశారు.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను.

మన మాణికేశ్వర్ నగర్‌ను ఇప్పటికీ పెద్దవాళ్ళు వడ్డెర బస్తీ అనే అంటారు. ఉస్మానియా కట్టడాలకు రాయి కొట్టిన కుటుంబాల బస్తీ అది. 1939లో ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. ఆ కట్టడం గురించి చెప్పేవారు నిజాం పేరు చెప్తారు, బెల్జియం నుంచి వచ్చిన జాస్పర్ పేరు చెప్తారు. రాయి కొట్టినవారి పేరు ఒక్కటి ఎవరికీ రాదు. ఆ రాళ్ళ మధ్య ఆడుకుంటూ పెరిగిన మనకైనా వస్తుందా? అది మనం రాసిన చరిత్ర కాదు, మన చేతుల్లో లేదు అనుకుందాం. మన బడి రిజిస్టరు మాత్రం మన చేతుల్లోనే ఉంది.

మన సంఘం సభ్యుల జాబితా చూశాను. పదో తరగతి పాసైనవారి పేర్లు బ్యాచుల వారీగా ఉన్నాయి. ఇంజనీర్లు, టీచర్లు, రైల్వే ఉద్యోగులు, అమెరికాలో ఉన్నవారు, అందరూ ఉన్నారు. చూసి సంతోషించాను. కానీ నా తరగతిలో ఆరో క్లాసులో నలభై మందికి పైగా ఉన్నట్టు నాకు గుర్తు. పదిలో మేము అందులో సగం కూడా లేము. తగ్గినవారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. ఒకామె తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మానేసింది. ఒకామె తల్లితో పాటు క్వార్టర్లలో అంట్లు తోమడానికి పోయింది. ఎనిమిదిలో లెక్కల్లో మా అందరికంటే ముందున్న ఒకామెకు వేసవి సెలవుల్లో పెళ్ళి చేశారు, జూన్‌లో ఆమె చోటు ఖాళీగా ఉంది. వాళ్ళు కూడా మన బడి గంట విన్నవారే, మన సార్లతో దెబ్బలు తిన్నవారే, ప్రార్థనలో మన పక్కన నిలబడ్డవారే. జాబితాలో మాత్రం వారు లేరు.

పాసైనవారే పూర్వ విద్యార్థులనుకుంటే, బడి ముఖమే చూడని అచ్చమాంబకు తెలుగు కథలోనూ చోటుండదు. సర్టిఫికెట్ చూసి పేరు రాసుకునే పద్ధతి ఆమెను ఎన్నటికీ లెక్కలోకి తీసుకోదు.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లు మొదటి సంవత్సరం నుంచి తీసి, చేరిన ప్రతి పిల్లా పిల్లవాడి పేరూ సభ్యుల జాబితాకు చేర్చుదాం. చేరిన సంవత్సరం, మానేసిన తరగతి, అంతే చాలు. కారణాలు అడగవద్దు. రిజిస్టర్లు చెదలు పట్టకముందే ఈ పని కావాలి. బస్తీలో ఉన్న పాత విద్యార్థులు ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పగలరు. వచ్చే సమావేశానికి వారినీ పిలవాలి, వారి పిల్లల్లో, మనవరాళ్ళలో చదువు ఆగిపోయేలా ఉన్నవారికి సంఘం నిధి నుంచి ముందుగా ఫీజు కట్టాలి. చిన్న అచ్చమాంబలాగా వారూ ముందుకు పోవాలి.

హెడ్‌మాస్టర్‌గారు అనుమతిస్తే రిజిస్టర్ల నుంచి పేర్లు ఎక్కించే పని నేను చేస్తాను. శని, ఆదివారాలు వస్తాను. చేతిరాత బాగుండి, ఓపిక ఉన్న మిత్రులు ఇద్దరు తోడు వస్తే దసరా లోపల పూర్తి చేయవచ్చు.